సింహం గర్జిస్తుంది... గొలుసు ఎవరి చేతిలో?

తెర మీద సింహం తల తిప్పి గర్జిస్తుంది. 'టామ్ అండ్ జెర్రీ' చూస్తూ పెరిగిన వాళ్లెవరికీ ఆ సింహాన్ని కొత్తగా పరిచయం చెయ్యనక్కర్లేదు. దాని తాలూకు కంపెనీ పేరు మెట్రో - గోల్డ్‌విన్ - మేయర్. మనం పొట్టిగా ఎం.జి.ఎం. అంటాం.

మూడు పేర్లున్నాయి కదా, ముగ్గురు మొనగాళ్లు కలిసి పెట్టిన కంపెనీ అనుకుంటున్నారేమో! మొదటిది మనిషి పేరే కాదు. రెండో పేరు గల పెద్దమనిషి ఆ సంస్థలో ఒక్క రోజు కూడా పని చెయ్యలేదు. మూడో ఆయన 27 ఏళ్లు స్టూడియోను మహారాజులా ఏలాడు. కాని ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టిన వాడి పేరు గాని, చివరికి ఆ కుర్చీ లాగేసిన వాడి పేరు గాని ఆ మూడింటిలో లేవు!

ఇదేం చోద్యం అంటారా? చోద్యమేమీ లేదు. రెండు మూడు కంపెనీలు ఏకమైనప్పుడల్లా జరిగే కథే ఇది. మర్నాడు పేపర్లో ఫోటో పడుతుంది. ఇరుపక్షాల పెద్దలూ చేతులు కలిపి పళ్లన్నీ కనబడేలా నవ్వుతుంటారు. 'ఇది సమానుల కలయిక' అని ప్రకటన వస్తుంది. పెళ్లి ఫోటోలో అందరూ నవ్వుతూనే ఉంటారు. బీరువా తాళాలు ఎవరి దగ్గరున్నాయో కాపురం మొదలయ్యాక గాని తెలియదు.

ఈ గొడవంతా మనకెందుకు, టికెట్ కొన్నామా బొమ్మ చూశామా అంటారేమో! ఆగండి. మీరు వెళ్లే మల్టీప్లెక్సు బోర్డు మీద పి.వి.ఆర్. పక్కన ఐనాక్స్ చేరింది. మీ ఇంట్లో మోగే స్టార్ మా చానెల్ చేతులు మారింది. జీ తెలుగు చేతులు మారబోయి ఆఖరి నిమిషంలో ఆగింది. పెత్తనం ఎవరిదో తేలాకే ఏ బొమ్మ తెరకెక్కాలో, ఏది డబ్బాలో మగ్గాలో తేలుతుంది. ఆ సంగతి సింహం కథతోనే మొదలెడతాను.

పేరొకరిది, పెత్తనమొకరిది

మార్కస్ లోవ్ అని అమెరికాలో ఒక థియేటర్ల ఆసామి ఉండేవాడు. నాణెం వేస్తే బొమ్మ కదిలే చిన్న చిన్న ఆటల దుకాణాలతో మొదలుపెట్టి, వరసగా సినిమా హాళ్లు కూడబెట్టాడు. హాళ్లయితే ఉన్నాయి గాని వాటిలో ఆడించడానికి సరైన బొమ్మలు చాలడం లేదు. అందుకని 1920లో మెట్రో పిక్చర్స్ కొన్నాడు. 1924లో గోల్డ్‌విన్ పిక్చర్స్‌ను కలుపుకున్నాడు. దాంతోబాటు కల్వర్ సిటీలో పెద్ద స్టూడియో, సింహం గుర్తు ఆయన చేతికొచ్చాయి.

స్టూడియో దొరికింది. మరి నడిపేదెవరు? అప్పుడు కళ్లబడ్డాడు లూయీ బి. మేయర్. పాత ఇనుము బేరం చేసే ఇంట పుట్టి, ఒక చిన్న ఊళ్లో పాత హాలు బాగుచేయించి నడిపి, అక్కణ్ణించి నిర్మాతగా ఎదిగిన మనిషి. ఆయన దగ్గర ఇర్వింగ్ థాల్బర్గ్ అనే కుర్రాడుండేవాడు. అప్పటికి ఇంకా పాతికేళ్లు నిండలేదు గాని కథ వింటే హిట్టో ఫట్టో చెప్పేయగల బుర్ర. లోవ్ ఈ మేయర్ కంపెనీని డెబ్భై అయిదు వేల డాలర్ల చిల్లరకు కొనేశాడు. స్టూడియో అధిపతిగా మేయర్, నిర్మాణం చూసుకోవడానికి థాల్బర్గ్, లాయరు వ్యవహారాలకు రాబర్ట్ రూబిన్. ఈ ముగ్గురికీ కలిపి లాభాల్లో నూటికి ఇరవై వంతు.

గమనించండి. మూడింటిలోకీ అతి చిన్న కంపెనీ మేయర్‌ది. కాని స్టూడియో మీద పెత్తనం దక్కింది ఆయనకే! ఎందుకంటే లోవ్ కొన్నది మేయర్ ఆస్తిని కాదు, మేయర్‌నీ థాల్బర్గ్‌నీ!

మరి గోల్డ్‌విన్ సంగతి? అది మరీ తమాషా. శామ్యూల్ గోల్డ్‌ఫిష్ అనే ఆయన 1916లో సెల్విన్ సోదరులతో కలిసి కంపెనీ పెట్టి, తన పేరులో ముందు సగం, వాళ్ల పేరులో వెనక సగం అతికించి 'గోల్డ్‌విన్' అన్నాడు. ఆ పేరు ఎంత నచ్చిందంటే దాన్నే తన ఇంటిపేరుగా మార్చుకున్నాడు. 1922లో భాగస్వాములు ఆయన్ని బయటికి నెట్టారు. మనిషి బయటికొచ్చాడు, పేరు మాత్రం లోపలే ఉండిపోయింది! రెండేళ్ల తర్వాత ఆ పేరే సింహానికి తగిలించారు. ఆయన మాత్రం తక్కువ తిన్నాడా? సొంతంగా సినిమాలు తీసి, 1946 నాటి 'ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్'తో ఉత్తమ చిత్రం ఆస్కార్ కొట్టాడు. కాని సింహంతో మాత్రం ఏ సంబంధమూ లేదు.

సగం షూటింగయ్యాక హీరో మారాడు!

కంపెనీలు కలిసినప్పుడు తొలి దెబ్బ పడేది పెద్దల మీద కాదు, సెట్ మీద ఉన్నవాళ్ల మీద.

'బెన్-హర్' అంటే మీకు 1959 నాటి రథాల పందెం గుర్తొస్తుంది. దానికి ముందు మూకీ 'బెన్-హర్' ఒకటుంది. గోల్డ్‌విన్ కంపెనీ దాన్ని ఇటలీలో మొదలెట్టింది. హీరో జార్జ్ వాల్ష్. డైరెక్టరు చార్లెస్ బ్రాబిన్. మొత్తం వ్యవహారం నడిపించేది జూన్ మాథిస్ అనే రచయిత్రి. ఆ రోజుల్లో ఒక స్త్రీకి అంతటి అధికారం దక్కడం మాటలా! ఇంతలో 1924లో కంపెనీలు కలిసిపోయాయి. కొత్త యాజమాన్యం వచ్చీ రావడంతోనే హీరో మారాడు, డైరెక్టరు మారాడు, జూన్ మాథిస్ పని ఊడింది. రామన్ నొవారో హీరోగా, ఫ్రెడ్ నిబ్లో డైరెక్టరుగా మళ్లీ మొదలెట్టి, యూనిట్‌ను కల్వర్ సిటీకి తరలించి 1925 డిసెంబరులో విడుదల చేశారు. మూకీల్లోకెల్లా ఖరీదైన బొమ్మగా పేరొచ్చింది. నొవారో తారాపథానికి ఎగిరాడు. పాపం వాల్ష్? ఆయన చేసిన నేరమల్లా, కలయికకు ముందు కుర్చీలో ఉన్నవాళ్లు ఎంచుకున్న హీరో కావడమే!

అంతకంటే గుండె తరుక్కుపోయే కథ ఇంకొకటుంది. ఎరిక్ వాన్ స్ట్రోహైమ్ అని ఒక మొండి ఘటం. యూనివర్సల్‌లో 'మెర్రీ-గో-రౌండ్' తీస్తూ ఖర్చు మితిమీరి చేస్తున్నాడని 1922లో ఆయన్ని మధ్యలోనే తీసేశారు. తీసేసిందెవరు? అప్పట్లో అక్కడ పని చేస్తున్న ఇర్వింగ్ థాల్బర్గ్! స్ట్రోహైమ్ విసురుగా బయటికొచ్చి గోల్డ్‌విన్ కంపెనీలో చేరి 'గ్రీడ్' మొదలుపెట్టాడు. ఎర్రటి ఎండలో డెత్ వ్యాలీ ఎడారికి నటీనటుల్ని తీసుకెళ్లి మరీ తీశాడు. నలభై రెండు రీళ్లు తేలింది. కొంత కత్తిరించాడు, స్నేహితుడి చేత మరికొంత కత్తిరింపించాడు. ఆ పని నడుస్తుండగానే గోల్డ్‌విన్ కంపెనీ సింహం గుహలోకి వెళ్లిపోయింది. ఇప్పుడు ఆయన పై అధికారి ఎవరు? మళ్లీ అదే థాల్బర్గ్!

ఏ మనిషి నించి పారిపోయి వచ్చాడో, కలయిక ఆ మనిషినే ఆయన గుమ్మంలోకి తెచ్చి దింపింది. 'గ్రీడ్'ను పది రీళ్లకు కత్తిరించి 1924 డిసెంబరులో విడుదల చేశారు. కోసేసిన భాగం మళ్లీ దొరకలేదు. మిగిలిన ఆ పది రీళ్లనే ఇవాళ్టికీ పండితులు కళాఖండం అంటారు. పోయిన రీళ్లలో ఏముందో చూసే భాగ్యం మనకు లేదు. అందుకే అంటున్నాను, కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నది వాటాదార్ల గొడవ మాత్రమే కాదు, మన గొడవ కూడా.

చెక్కు మీద సంతకం న్యూయార్క్‌లో

ఇంతవరకు చదివి, అయితే అసలు మగాడు మేయరే కదా అనుకుంటున్నారా? అక్కడే ఉంది మెలిక!

ఆ కాలపు ఎం.జి.ఎం. సినిమాల టైటిల్స్ జాగ్రత్తగా చూడండి. కంపెనీ పేరు కింద సన్నటి అక్షరాల్లో 'లోవ్స్ ఇన్‌కార్పొరేటెడ్ అధీనంలో' అని ఇంగ్లీషులో వేసేవారు. హాల్లో ఆ అక్షరాలు చదివేవాళ్లు ఎవరుంటారు చెప్పండి! అసలు కథంతా ఆ అక్షరాల్లోనే ఉంది. హాలీవుడ్‌లో స్టూడియో, న్యూయార్క్‌లో గల్లాపెట్టె. హాళ్లన్నీ న్యూయార్క్ వాళ్లవి. ఏడాదికి ఎంత ఖర్చు పెట్టాలో తేల్చేది న్యూయార్క్ వాళ్లే. 1927లో మార్కస్ లోవ్ చనిపోయాడు. ఆయన స్థానంలోకి నికొలస్ స్కెంక్ వచ్చాడు. ఫోటోలకి పోజులివ్వడు, పత్రికల వాళ్లతో మాట్లాడడు. తారలతో విందుల్లో వెలిగేది మేయర్. లెక్కల పుస్తకం ముందు కూర్చునేది స్కెంక్.

మన పాత సినిమా వాళ్లకు ఈ తేడా విడమరిచి చెప్పనక్కర్లేదు. పోస్టరు మీద 'నిర్మాత' అని ఎవరి పేరైనా ఉండొచ్చు. విడుదల ముందు రాత్రి ఫైనాన్షియర్ బాకీ తీరి, ఆయన సరేనంటేనే ల్యాబ్ నించి ప్రింట్లు కదిలేవి. 'పెట్టె' వచ్చిందా లేదా అని హాలు దగ్గర జనం ఎదురుచూసేవారు. పెట్టెను ఆపగలిగిన వాడే అసలు మొనగాడు. స్కెంక్ అలాంటి మనిషి.

1929లో ఆయన చేసిన పని చూడండి. విలియం ఫాక్స్ అనే మరో సినిమా చక్రవర్తి లోవ్స్ కంపెనీ మీద కన్నేశాడు. స్కెంక్ గుట్టుచప్పుడు కాకుండా లోవ్ కుటుంబం వాటాలు, తమ వర్గం వాటాలు కలిపి దాదాపు అయిదు కోట్ల డాలర్లకు ఫాక్స్‌కు అమ్మేశాడు. అంటే సింహాన్ని బోనుతో సహా అమ్మేశాడన్నమాట! మరి స్టూడియో మహారాజు మేయర్? ఆయనకు ఈ బేరంలో సంప్రదింపూ లేదు, పైసా లేదు. లోకమంతా తనదే అనుకున్న కంపెనీ చేతులు మారుతుంటే ఆయనది ప్రేక్షక పాత్ర.

మేయర్ ఊరుకుంటాడా? ఆయనకు కొత్తగా గద్దెనెక్కిన అధ్యక్షుడు హూవర్‌తో స్నేహం ఉంది. వాషింగ్టన్‌లో తన పలుకుబడి అంతా వాడాడు. ఆ జులైలో ఫాక్స్ కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డాడు. అక్టోబరులో షేర్ మార్కెట్టు కుప్పకూలింది. నవంబరులో ప్రభుత్వం ఈ బేరం గుత్తాధిపత్యం కిందికొస్తుందని కేసు వేసింది. 1930 వచ్చేసరికి ఫాక్స్ సొంత కంపెనీ కూడా ఆయన చేతిలోంచి జారిపోయింది. మేయర్ బతికిపోయాడు. అప్పటి నించి స్కెంక్ పేరును ఆయన చాటుమాటున 'స్కంక్' అనేవాడని చెప్తారు. స్కంక్ అంటే కంపు చిమ్మే జంతువు లెండి!

చిత్రమేమిటంటే ఇంత పగ ఉన్నా ఇద్దరూ ఇరవై ఏళ్లకు పైగా కలిసే పని చేశారు. ఎందుకు? ఒకరి అవసరం ఇంకొకరికి ఉంది కాబట్టి. మేయర్ హిట్లు తీస్తున్నంత కాలం స్కెంక్ ఆయన జోలికి రాలేదు. 1937లో మేయర్ సంపాదన పదమూడు లక్షల డాలర్లు! అమెరికాలో జీతాల మీద బతికేవాళ్లలో ఆయనే నంబర్ వన్. కాని ఆ రాబడి తెచ్చిపెట్టిన మెదడు థాల్బర్గ్ 1936లోనే ముప్ఫయ్యేడేళ్ల వయసులో కన్నుమూశాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక హిట్లు తగ్గాయి. 1948లో నిర్మాణ బాధ్యతలకు డోర్ షారీని తెచ్చారు. ఇద్దరికీ పడలేదు. వ్యవహారం ముదిరి 'నేనో వాడో తేల్చుకోండి' అనేదాకా వచ్చింది. న్యూయార్క్ తేల్చేసింది. షారీ ఉంటాడంది! 1951లో మేయర్ తన పేరున్న కంపెనీ గేటు దాటి ఇంటికి వెళ్లిపోయాడు. 1957లో మళ్లీ లోపలికి రావాలని ఒక ప్రయత్నం జరిగింది గాని కలిసి రాలేదు. ఆ అక్టోబరులోనే పోయాడు.

పోనీ స్కెంక్ గెలిచాడా? ఆయన బలమంతా హాళ్లది. 1948లో అమెరికా సుప్రీం కోర్టు స్టూడియోలు వేరు, హాళ్లు వేరుగా ఉండాలనే దారి తెరిచింది. ఇంకో వైపు టెలివిజన్ వచ్చి జనాన్ని ఇళ్లలో కట్టిపడేసింది. 1955లో స్కెంక్ అధ్యక్ష పదవి వదులుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది షారీకీ ఉద్వాసన! పెత్తనం ఎవరికీ పట్టా రాసివ్వలేదు. అది ఏ బలం మీద నిలబడిందో ఆ బలం పోగానే అదీ పోయింది.

చిన్న చేప పెద్ద చేపను మింగితే

కొన్నవాడిదే రాజ్యం అనుకోవడం మామూలు. అది కూడా అన్నిసార్లూ నిజం కాదు.

1935లో ఏం జరిగిందంటే, విలియం ఫాక్స్ పోగొట్టుకున్న ఆ ఫాక్స్ ఫిల్మ్ కంపెనీకి స్టూడియో ఉంది, పంపిణీ ఉంది. బొమ్మలు తీసే మొనగాడు లేడు. రెండేళ్ల క్రితమే పుట్టిన ట్వెంటీయెత్ సెంచరీ పిక్చర్స్‌కు సొంత స్టూడియో అయినా లేదు గాని డారిల్ జానక్ అనే చురుకైన నిర్మాత ఉన్నాడు. రెండూ కలిశాయి. పేరులో ముందు ఎవరు? పసికూన! 'ట్వెంటీయెత్ సెంచరీ - ఫాక్స్'. ఫాక్స్‌లో నిర్మాణం చూస్తున్న విన్‌ఫీల్డ్ షీహాన్ వెళ్లిపోయాడు, జానక్ వచ్చి కూర్చున్నాడు. అన్నట్టు ట్వెంటీయెత్ సెంచరీలో జానక్ భాగస్వామి ఎవరనుకున్నారు? జోసెఫ్ స్కెంక్. మన నికొలస్ స్కెంక్‌కు స్వయానా అన్నగారు! ఇక ఫాక్స్ పేరు కంపెనీ వదిలిపోయిన మనిషికి గుర్తుగా మరో ఎనభయ్యేళ్లకు పైగా తెర మీద వెలిగింది. 2019లో డిస్నీ ఆ స్టూడియోను కొని, 2020లో పేరులోంచి ఫాక్స్‌ను తీసేసింది. ఇప్పుడది ట్వెంటీయెత్ సెంచరీ స్టూడియోస్.

అదే డిస్నీ 2006లో పిక్సార్‌ను 740 కోట్ల డాలర్ల విలువకు కొన్నది. కొన్నది డిస్నీ. కాని డిస్నీ సొంత యానిమేషన్ విభాగం పగ్గాలు ఎవరికిచ్చారు? పిక్సార్ మనుషులైన ఎడ్ క్యాట్‌మల్, జాన్ లాసెటర్‌లకు! పిక్సార్ యజమాని స్టీవ్ జాబ్స్ డిస్నీ బోర్డులోకి వచ్చాడు, విడి వ్యక్తుల్లో అందరికంటే పెద్ద వాటాదారు అయ్యాడు. డిస్నీలో 'అమెరికన్ డాగ్' అనే బొమ్మ తీస్తున్న క్రిస్ శాండర్స్‌ను పక్కన పెట్టారు. అదే కథ మారి 2008లో 'బోల్ట్'గా వచ్చింది. 'బెన్-హర్' రోజులు గుర్తొస్తున్నాయా? ఇంకో పక్క చూస్తే 'టాంగిల్డ్', 'ఫ్రోజెన్' లాంటి హిట్లు వచ్చింది ఈ కొత్త పెత్తనంలోనే. కాబట్టి కొత్త దొర వస్తే అన్నీ పాడవుతాయనడమూ న్యాయం కాదు.

ఒక సింహాసనం, ఇద్దరు రాజులు

ఇక 'ఇద్దరం సమానమే' అనే ముచ్చట. 1990లో టైమ్ కంపెనీ, వార్నర్ కంపెనీ ఏకమయ్యాయి. స్టీవ్ రాస్, నిక్ నికొలస్ ఇద్దరూ సమానమైన సి.ఇ.ఓ.లు. కొన్నాళ్లకు రాస్ తప్పుకుని నికొలస్‌కు పట్టాభిషేకం చేస్తాడని ముందే రాసుకున్నారు. కాగితం మీద అంతా పక్కా! 1992 ఫిబ్రవరిలో నికొలస్ మంచుకొండల్లో స్కీయింగ్ చేస్తూ సెలవు గడుపుతుంటే ఇక్కడ బోర్డు ఆయన్ని తీసేసింది. ఆ స్థానంలోకి వచ్చింది జెరాల్డ్ లెవిన్. ఈయన నికొలస్ వైపు నించి, అంటే టైమ్ నించి వచ్చిన మనిషే! వెన్నుపోటు ఎప్పుడూ అవతలి పక్షం నించే రావాలని రూలేమీ లేదు. రాస్ అప్పటికే జబ్బుమనిషి. ఆ డిసెంబరులో ఆయనా చనిపోయాడు. మొత్తం లెవిన్ చేతికొచ్చింది.

అదే లెవిన్ 2001లో ఆ మహా సామ్రాజ్యాన్ని ఏ.ఓ.ఎల్. అనే ఇంటర్నెట్ కంపెనీతో కలిపాడు. కొత్త సంస్థలో 55 శాతం ఏ.ఓ.ఎల్. వాటాదార్లకు. ఏ.ఓ.ఎల్. అధినేత స్టీవ్ కేస్ చైర్మన్, లెవిన్ సి.ఇ.ఓ. ఇంటర్నెట్ బుడగ పేలింది. 2002లో లెవిన్ వెళ్లాడు. 2003లో కేస్ చైర్మన్ గిరీ పోయింది. ఆ ఏడాదే పేరులోంచి ఏ.ఓ.ఎల్. అన్న అక్షరాలూ ఎగిరిపోయాయి. 2002 సంవత్సరానికి నష్టం దాదాపు 9,900 కోట్ల డాలర్లు! ఎవరు రాజు అని కొట్టుకుంటుంటే రాజ్యమే కరిగిపోయిందన్నమాట.

మన ఇలాకాలో

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2023 ఫిబ్రవరిలో పి.వి.ఆర్., ఐనాక్స్ కలిశాయి. హైదరాబాద్ నించి విజయవాడ దాకా మనం టికెట్లు కొనే హాళ్లివి. లెక్క చూడండి. కలిశాక ఐనాక్స్ జైన్ కుటుంబం వాటా సుమారు 16.66 శాతం, పి.వి.ఆర్. బిజిలీ కుటుంబం వాటా సుమారు 10.62 శాతం. వాటా ఎక్కువ ఎవరిది? ఐనాక్స్ వాళ్లది. మరి రోజువారీ నడిపే మేనేజింగ్ డైరెక్టరు పదవి? పి.వి.ఆర్. అజయ్ బిజిలీది! ఐనాక్స్ వైపు పవన్ కుమార్ జైన్ చైర్మన్, కాని నిత్య వ్యవహారాల్లో లేని చైర్మన్. బోర్డులో రెండు కుటుంబాలకూ సమాన స్థానాలు. మొదటి పేరు, రోజువారీ పగ్గాలు ఒకరికి, పెద్ద వాటా ఇంకొకరికి. అన్నదమ్ముల పంపకంలో ఒకరికి ఇల్లు, ఒకరికి పొలం ఇచ్చినట్టు ముందే రాసుకున్నారు. ఇలా ముందే విడమరిచి రాసుకోవడం మంచిదే.

అలా రాసుకున్నా బెడిసికొట్టిన బేరం జీ-సోనీ. 2021 డిసెంబరులో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. సగం పైచిలుకు వాటా సోనీది. ఎం.డి., సి.ఇ.ఓ. మాత్రం జీ వారి పునీత్ గోయెంకా. గోయెంకాల కుటుంబానికి జీలో ఉన్న వాటా నూటికి నాలుగు పాళ్లే. అయినా కుర్చీ వాళ్లకే అన్నది ఒప్పందం. 2023 జూన్‌లో సెబీ ఆయన మీద నిషేధపు ఉత్తర్వు ఇచ్చింది. అక్టోబరులో అప్పీలులో అది కొట్టేశారు. కాని కొత్త సంస్థకు నాయకుడెవరన్న పేచీ తెగలేదు. 2024 జనవరి 22న సోనీ బేరం రద్దు చేసుకుంది. రెండేళ్ల పెళ్లి ఏర్పాట్లు పీటల దాకా వచ్చి ఒక్క కుర్చీ దగ్గర ఆగాయి. ఆ నవంబరులో గోయెంకాను డైరెక్టరుగా మళ్లీ నియమించే తీర్మానాన్ని జీ వాటాదార్లే ఓడించారు. కుర్చీ కోసం కాచుకున్న ఒప్పందమూ పోయింది, బోర్డులో స్థానమూ పోయింది.

అదే నవంబరులో రిలయన్స్, డిస్నీల భారత వ్యాపారాలు ఏకమయ్యాయి. మన స్టార్ మా ఆ గూటికి చేరింది. డిస్నీకి 36.84 శాతం మిగిలింది, పగ్గాలు రిలయన్స్‌వి. నీతా అంబానీ చైర్‌పర్సన్ అయ్యారు. వైస్ చైర్మన్‌గా వచ్చినదెవరో తెలుసా? 2020 దాకా స్టార్ ఇండియాను నడిపి బయటికెళ్లిన ఉదయ్ శంకర్! వెళ్లిన గుమ్మంలోకే అవతలి పక్షం తరపున తిరిగొచ్చాడు. పక్కా సినిమా స్క్రీన్‌ప్లే కదూ!

పసిగట్టే ఉపాయం

ఇన్ని కథలు చెప్పాక, అసలు పెత్తనం ఎవరిదో బయటనించి చూసే మనకెలా తెలుస్తుందని అడుగుతారు. నేను చూసే గుర్తులు మూడు. పదవుల పేర్లు వాటిలో లేవు.

మొదటిది, సంతకం. డబ్బు విడుదల కావాలంటే ఆఖరి సంతకం ఏ ఊళ్లో పడుతుంది? మేయర్ కథంతా ఇదే. రెండోది, రెండో వరస. పై ఇద్దరూ ఫోటోలో నవ్వుతూ ఉంటారు. వాళ్ల కింద కొనుగోళ్లు, లెక్కలు, నియామకాలు చూసే కుర్చీల్లోకి ఎవరి మనుషులు వచ్చి కూర్చుంటున్నారు? పిక్సార్ ఎవరు కొన్నారన్నది కాదు, యానిమేషన్ పగ్గాలు ఎవరికిచ్చారన్నది అసలు వార్త. మూడోది, ఎవరి బొమ్మ ఆగింది? ఇది అన్నిటికంటే నిక్కచ్చి గుర్తు.

2022 ఏప్రిల్‌లో వార్నర్ మీడియా, డిస్కవరీ కలిశాయి. 71 శాతం వాటా వార్నర్ వైపున్న ఏ.టి.అండ్‌టి. వాటాదార్లది. సింహాసనం మాత్రం చిన్న కంపెనీ డిస్కవరీ నించి వచ్చిన డేవిడ్ జాస్లావ్‌ది. అధికారం అటుందా ఇటుందా అని ఇంకా అనుమానమున్న వాళ్లకు ఆ ఆగస్టులో జవాబు దొరికింది. పాత యాజమాన్యం ఒప్పుకుని తీయించిన 'బ్యాట్‌గర్ల్' సినిమా, దాదాపు తొమ్మిది కోట్ల డాలర్లు ఖర్చు పెట్టి షూటింగ్ ముగించిన సినిమా, హాల్లోనూ వద్దు, ఓటీటీలోనూ వద్దు అని మూలన పడేశారు. లెస్లీ గ్రేస్ అనే అమ్మాయి అందులో కథానాయిక. సూపర్‌హీరో వేషం వేసింది, కష్టపడింది. ఆమె నటించిన ఆ సినిమా విడుదలే కాలేదు. 1924లో 'గ్రీడ్' పది రీళ్లయినా మిగిలింది. ఇక్కడ ఆ మాత్రం కూడా దక్కలేదు.

కలయిక తర్వాత అధికారం చైర్మన్ అన్న అట్టముక్క మీద ఉండదు. 'ఇది ఆపండి' అంటే నిజంగా ఆగిపోయే మాట ఎవరిదో, అధికారం వాళ్లది. స్ట్రోహైమ్‌ను ఆపగలిగాడు థాల్బర్గ్. మేయర్‌ను ఆపగలిగాడు స్కెంక్. హాళ్లకు రావడం మానేసిన ప్రేక్షకులు స్కెంక్‌నే ఆపారు.

రేపు మరో రెండు కంపెనీలు చేతులు కలుపుతాయి. మళ్లీ ఫోటో, మళ్లీ నవ్వులు. ఆ ఫోటో చూసి మురిసిపోకండి. ఆర్నెల్లాగి, ఏ బొమ్మ ఆగిందో, ఎవరి హీరో మారాడో వెతకండి. ఫోటోలో అసలెవరు నవ్వారో అప్పుడు తెలుస్తుంది.